చుక్కల మాస్టారి లిస్టు

మాస్టారని అందరూ పిలుస్తారు గానీ, ఆయన ఏనాడూ ఏ క్లాసులోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. చూపులేని పిల్లల బడిలో ప్రూఫ్ రీడరు. బ్రెయిలీలో అచ్చయిన ప్రతి కాగితాన్నీ పిల్లల చేతికి వెళ్ళకముందే వేళ్ళతో చదివి తప్పులేరడం ఆయన పని. కాగితం మీద లేచి నిలబడే ఆ చుక్కలే ఆయనకి ఉద్యోగం, కాలక్షేపం, కబుర్లూ. అందుకని పిల్లలు చుక్కల మాస్టారన్నారు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉందట. ఉంటే ఉండనివ్వండి, మనకెందుకు.

ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. ఈ బడిలోనే చదువుకున్నారు, ఈ బడిలోనే ఉద్యోగంలో చేరారు, చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. మెషీన్లు రాకముందు గళ్ళ పలకా సూదీ పట్టుకుని, గడికో అక్షరం చొప్పున లెక్కల పుస్తకాలకి పుస్తకాలే చేత్తో పొడిచారు. ఆయన కుడిచేతి చూపుడువేలికి జరిగే మర్యాదలు అన్నీ ఇన్నీ కావు. ఆ వేలితో వేడి గ్లాసు పట్టుకోరు, ఉల్లిపాయ తరగరు, తాళం తిప్పరు. మిగతా నాలుగువేళ్ళూ ఇంటిచాకిరీ చేస్తుంటే అదొక్కటీ కొత్తల్లుడిలా కూర్చునేది. "నా కళ్ళజోడు ఇదేనమ్మా, గీతలు పడితే మళ్ళీ కొనుక్కోలేను" అనేవారు.

ఈ కథంతా దగ్గరుండి చూసింది వైర్లమ్మాయి. బడిలో కంప్యూటర్లకీ నెట్‌వర్కుకీ జబ్బు చేస్తే వచ్చే మనిషి. భుజాన ఎప్పుడూ ఒక కేబులు చుట్ట వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. ముప్ఫై రెండేళ్ళుంటాయి. పని తెలిసినదే, పైగా పని తెలుసునన్న సంగతి కూడా కాస్త ఎక్కువగానే తెలిసినది. కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్ళందరూ చదువుకున్న మొద్దులని ఆమె నమ్మకం. అందులో చాలామటుకు నిజమే, కాదనలేం.

మొదటిసారి ఆమె మాస్టారిని చూసింది చదువుల గదిలో. పిల్లలు కూర్చుని చదువుకునే పెద్ద గది అది. కిటికీల పొడుగునా బల్లలు, ఓ మూల రెండు కంప్యూటర్లు, ఇంకో మూల అద్దాల పెట్టెలో బ్రెయిలీ ప్రింటరు. మామూలు ప్రింటరులా సిరా పూయదిది, మందపాటి కాగితాన్ని సూదులతో కొట్టి చుక్కలు లేపుతుంది. మొదలుపెట్టిందంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టే, పక్కవాడి మాట వినపడి చస్తేగా! మాస్టారు దాని పక్కన స్టూలు వేసుకుని, చెత్తబుట్ట ఒళ్ళో పెట్టుకుని, అందులోని కాగితాలు ఒక్కొక్కటే తీసి తడుముతున్నారు.

"చెత్తలో ఏం వెతుకుతున్నారు మాస్టారూ?" అందామె.

"వెతకడం కాదు తల్లీ, పేపరు చదువుకుంటున్నాను" అన్నారాయన. "ఇదిగో, ఆఫీసులో హెడ్ గుమాస్తాగారు మళ్ళీ సెలవు పెట్టారు, ఈసారి నడుంనొప్పి. ఇది వంటగది సరుకుల లిస్టు. ఇది ఏమిటో తలా తోకా లేదు, తెలుగులో కొట్టినట్టున్నారు, ఈ మెషీనుకి తెలుగు అక్షరాలు రావు, పాపం."

సంగతేమిటంటే, అంతకుముందు పనిచేసిన పుణ్యాత్ముడు ఒక కంప్యూటరులో అన్నీ సర్ది, అదే సర్దుబాటుని బడిలో ఉన్న ఇరవై ఆరు కంప్యూటర్లలోనూ దించేసి పోయాడు. దాంతో ఎవరు ప్రింటు నొక్కినా లిస్టులో అన్నిటికంటే పైన ఈ బ్రెయిలీ ప్రింటరే కనపడేది. చూసుకోకుండా నొక్కేవాళ్ళు. వాళ్ళ పక్కనున్న ప్రింటరులోంచి ఏమీ రాదు. "ఈ దిక్కుమాలినది పనిచెయ్యదు" అని తిట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇక్కడేమో చదువుల గదిలో వడగళ్ళ వాన కురిసి, ఒకటికి రెండు మందపాటి కాగితాలు చెత్తబుట్టలో పడేవి. ఎవరి కంప్యూటర్ల నించి తీసుకోవాలో, ఎవరివి తీసుకోకూడదో ఆ ప్రింటరుకి చెప్పి పెట్టచ్చు, గంట పని. మాస్టారు రెండుసార్లు అర్జీ పెట్టారు. ఆఫీసు వాళ్ళు రెండుసార్లూ భద్రంగా ఫైల్లో పెట్టారు.

ఆ రోజు వైర్లమ్మాయి కళ్ళు మూసుకుని ఒక కాగితం మీద తన వేలు పెట్టి చూసింది. ఇసక తగిలినట్టుంది తప్ప ఇంకేమీ తెలీలేదు. ఆ ఇసకలో ఆయనకి నడుంనొప్పీ, సరుకులూ కనపడుతున్నాయి! ఆమె గొప్పలన్నీ ఒక్క నిమిషం పక్కకి తప్పుకున్నాయి. ఆ తరవాత ఎప్పుడు బడికొచ్చినా పని అయ్యాక చదువుల గదికి వెళ్ళి ఆయన పక్కన పది నిమిషాలు కూర్చోవడం అలవాటైంది.

ఇక అసలు గొడవ. చివరి ఏడాది పరీక్షలు పదిరోజుల్లోకి వచ్చాయి. ఒక ఉదయం వైర్లమ్మాయికి బడి నించి ఫోను. మాట్లాడుతున్నది పెద్ద మేడమ్, అంటే ప్రిన్సిపాలు.

"పరీక్షల సెక్షన్ కంప్యూటరులోకి ఎవరో దూరారు. లెక్కల ప్రశ్నపత్రం బయటికొచ్చింది. దొంగ దొరికింది. ఎలా దూరిందో నువ్వొచ్చి చూడాలి."

ఆమె వెళ్ళేసరికి పెద్ద మేడమ్ గది నిండా జనం. గోడకి ఆనుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. పదహారేళ్ళుంటాయి. సన్నగా, చురుగ్గా ఉంటుందని పిచ్చుక అంటారు. బడిలో లెక్కల్లో ఆ పిల్ల తరవాతే ఎవరైనా. ఇప్పుడు చున్నీ అంచు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, ఆ వేలు ఎర్రగా కందిపోయింది. పక్కన హాస్టలు వార్డెనమ్మ, రెండు చేతులూ నడుం మీద. బల్లమీద బ్రెయిలీ కాగితాల కట్ట.

వార్డెనమ్మ చెప్పింది. రోజూ పొద్దున్నలాగే సెల్‌ఫోన్ల కోసం పిల్లల సంచులు వెతికిందట. పిచ్చుక సంచీలో బట్టల అడుగున ఈ కాగితాలు దొరికాయట. ఎందుకు దాచినట్టు అని అనుమానమొచ్చి, బ్రెయిలీ చెప్పే చిన్న టీచరుని పిలిచి పై కాగితం చదివించిందట. ఆ టీచరు రెండు లైన్లు చదివి లేచి నిలబడిందట. దాని మీద చివరి ఏడాది పరీక్ష, లెక్కలు అని ఉందట.

"మొత్తం పన్నెండు కాగితాలు" అంది వార్డెనమ్మ. "పరీక్ష మొత్తం ఎత్తుకొచ్చేసింది మహాతల్లి!"

ప్రశ్నపత్రాలు చదువుల గదిలో అచ్చు వెయ్యరు. ప్రెస్సు గదిలో ఒక పాత మెషీను ఉంది, దానికి నెట్‌వర్కూ గిట్‌వర్కూ లేదు, ఒకే ఒక్క కంప్యూటరుకి తీగతో కట్టేసి ఉంటుంది. తలుపుకి తాళం. ఇంకా అచ్చుకే వెళ్ళని ప్రశ్నపత్రం పై అంతస్తులో పరీక్షల సెక్షన్‌లో, గుమాస్తా కంప్యూటరులో మాత్రమే ఉండాలి. ఆ గుమాస్తా చేరి రెండు నెలలైంది. పాపం అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేనెక్కడా ప్రింటు చెయ్యలేదండీ. ఒట్టు!" అన్నాడు.

"అంటే ఈ పిల్లే పాస్‌వర్డు కనుక్కుని కాపీ చేసుకుంది" అంది పెద్ద మేడమ్. "వాళ్ళమ్మకి ఫోన్ చేశాం, బస్సెక్కింది. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళిపోతుంది. ఈ ఏడు పరీక్ష రాయనిచ్చే ప్రశ్నే లేదు."

పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టే. ఏడాది సంగతి అలా ఉంచండి, దొంగతనం చేసి బడి నించి వెళ్ళగొట్టబడ్డ పిల్లని ఏ కాలేజీ చేర్చుకుంటుంది? వైర్లమ్మాయి లాప్‌టాప్ తెరిచి నెట్‌వర్కుకి తగిలించింది.

"నేను దొంగతనం చెయ్యలేదు మేడమ్" అంది పిచ్చుక. "చదువుల గదిలో ప్రింటరులోంచి వచ్చాయి. మాస్టారికి ఇద్దామని దాచాను. నిన్న మాస్టారు రాలేదు."

"పొద్దుటినించీ ఇదే పాట" అంది వార్డెనమ్మ.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కర్ర చప్పుడైంది. మాస్టారు. ముందురోజు ఆయన సెలవులో ఉన్నారు, భార్యకి కంట్లో శుక్లం తీయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. "ఇంట్లో ఒక్కరికైనా కళ్ళుండాలి కదా మరి" అని నవ్వుతూ చెప్పి మరీ సెలవు తీసుకున్నారు. ఆ నవ్వు ఇప్పుడు మొహంలో లేదు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు.

"ఆ కాగితాలు ఇలా ఇస్తారా మేడమ్?"

పెద్ద మేడమ్ కట్ట అందించింది. మాస్టారు కుర్చీలో కూర్చుని, కట్ట ఒళ్ళో పెట్టుకుని, పై కాగితం మీద వేలు ఉంచారు. వైర్లమ్మాయి ఆ వేలినే చూస్తోంది. తొందర లేదు, ఆగడం లేదు. అంచు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, కింది వరుసకి జారింది. ఆయన రెండో కాగితం తీశారు, మూడోది తీశారు. అయిదో కాగితం దగ్గర ఆయన కనుబొమలు లేచాయి. తొమ్మిదో కాగితం దగ్గర ఊపిరి గట్టిగా వదిలారు. అప్పుడు గానీ నోరు విప్పలేదు.

"ఇది చదువుల గది మెషీనులోనే అచ్చయింది. ప్రతి గడిలోనూ కింది వరుసలో కుడిచుక్క నీరసంగా పడింది చూశారా? చూడలేరు లెండి. ఆ మెషీనుకి ఒక సూది అరిగిపోయింది. ఆరునెలలుగా చెబుతున్నాను."

"సరే, అక్కడే అచ్చేసుకుంది. అయితే?" అంది వార్డెనమ్మ.

"అచ్చేసుకోలేదమ్మా. పైనించి పంపించారు." మాస్టారు గుమాస్తా గొంతు వినపడిన వైపు తిరిగారు. "బాబూ, మీ కంప్యూటరు కొత్తది కదూ? మిగతావాటికి వరుసకి ముప్ఫై గళ్ళని నేను దగ్గరుండి పెట్టించాను. మీదానికి ఎవరూ పెట్టలేదు, నలభై ఉంది. కాగితం పట్టదు. పట్టక, ఒక పొడుగు వరుస కొట్టి, మిగిలిన ముక్క కింద తోకలా పడేస్తుంది. పొడుగు, తోక, పొడుగు, తోక. పోయినవారం మీరు పంపిన సెలవుల నోటీసూ ఇలాగే తోకలతో వచ్చింది. ఈ బడిలో తోకలున్న కంప్యూటరు మీదొక్కటే."

"నేను ప్రింటు చెయ్యలేదండీ..." అన్నాడు గుమాస్తా మళ్ళీ, ఈసారి నీళ్ళు నములుతూ.

"చేశారు బాబూ. మూడుసార్లు చేశారు."

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వైర్లమ్మాయి గబుక్కున తెరవైపు తిరిగింది. ఎందుకంటే ఆ ప్రింటరు తన దగ్గరికి ఎవరు ఎప్పుడు ఏం పంపారో ఆఖరి వంద పనులదాకా గుర్తుపెట్టుకుంటుంది, ఆ చిట్టా అప్పుడే ఆమె తెర మీద తెరుచుకుంటోంది. ఇంకా ఎవరికీ చూపించలేదు. తను కూడా పూర్తిగా చదవలేదు. నిన్న మధ్యాహ్నం మూడూ నలభైకి ఒకటి. మూడూ నలభై రెండుకి ఒకటి. మూడూ నలభై అయిదుకి ఇంకొకటి. మూడిటికీ పంపిన కంప్యూటరు నంబరు ఒక్కటే. తన దగ్గరున్న పట్టికతో సరిచూసింది. పరీక్షల సెక్షను.

"మూడే..." అంది, తెర మీదినించి కళ్ళు తియ్యకుండా. "మేడమ్, మూడే ఉన్నాయి. పరీక్షల సెక్షన్ నించే."

గొప్పకి చెబుతున్నాననుకోకండి, ఆమె చేతిలో ఉన్నది మంచి లాప్‌టాపు, పక్కన నాలుగేళ్ళ చదువు, తొమ్మిదేళ్ళ అనుభవం. ఇవన్నీ కలిసి తేల్చిన సంగతిని ఆ మనిషి ఒక్క వేలితో ముందే చెప్పేసి, కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నారు. ఆమెకి లేచి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆయనకి కనపడదని గుర్తొచ్చి ఊరుకుంది.

గుమాస్తా తల దించుకున్నాడు. "ఎలా ఉందో ఒక్కసారి చూద్దామని నొక్కానండీ. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు కదా, కాలేదనుకున్నాను" అన్నాడు. అబద్ధమాడాడని అనడానికి లేదు. అతని లెక్కలో కళ్ళముందు కాగితం రాకపోతే ప్రింటు చేసినట్టు కాదు, అంతే.

"అది సరే మాస్టారూ" అంది పెద్ద మేడమ్, "ఎవరు పంపినా, దొరికినదాన్ని ఈ పిల్ల దాచుకుంది కదా. పన్నెండు కాగితాల ప్రశ్నపత్రం!"

అప్పుడు మాస్టారు నవ్వారు. సంతోషంతో నవ్విన నవ్వు కాదది.

"పన్నెండు కాదు మేడమ్, నాలుగు. అవే నాలుగు కాగితాలు మూడుసార్లు. మొదటిదీ అయిదోదీ తొమ్మిదోదీ ఒక్కటే. పొద్దుటినించీ ఈ కట్ట ఎంతమంది చేతుల్లో తిరిగిందో, ఒక్కరైనా గమనించారా? దొంగతనం చెయ్యాలనుకున్న పిల్లకి ఒక కాపీ చాలదూ? మూడెందుకు మోసుకెళ్ళినట్టు?"

వార్డెనమ్మ చేతులు నడుం మీదినించి ఎప్పుడు దిగాయో ఆవిడకే తెలీదు.

"చెప్పు తల్లీ" అన్నారు మాస్టారు పిచ్చుకతో.

"మొదటి లైను చదవగానే తెలిసిపోయింది మాస్టారూ" అంది ఆ పిల్ల. "వేలు తీసేశాను. ఈలోగా ఇంకోటి వచ్చింది, ఇంకోటీ వచ్చింది. గదిలో మా క్లాసువాళ్ళు ఆరుగురున్నారు. అక్కడే వదిలేస్తే ఎవరో ఒకరు తడుముతారు. అన్నీ తీసి సంచీలో పెట్టేశాను."

"మరి వార్డెన్ గారికో, టీచర్లకో ఎందుకివ్వలేదు?" అంది పెద్ద మేడమ్. గొంతులో ఇందాకటి బింకం లేదు.

పిచ్చుక చున్నీ అంచు వదిలేసింది. "వాళ్ళకిస్తే అదేమిటో వాళ్ళకి తెలీదు మేడమ్. చిన్న టీచరు నిన్న మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు చిత్తు కాగితాలనుకుని బుట్టలో వేస్తారు. ఎప్పుడూ అంతే కదా. బుట్టలో వేస్తే ఎవరైనా తీసుకుంటారు. చదివి చూసి దాచేది మాస్టారు ఒక్కరే."

ఆ గదిలో చూపున్న పెద్దలు ఆరుగురున్నారు. ఆ ఆరుగురికీ కనపడని సంగతి ఆ పిల్లకి మూడూ నలభైకే తెలుసు. వైర్లమ్మాయి ముక్కు ఎగబీల్చింది. లాప్‌టాప్ తెర మసకగా కనపడుతోంది.

ప్రశ్నపత్రం ఎలాగూ మార్చాల్సిందే, మారుస్తామన్నారు. పిచ్చుక పరీక్ష రాస్తుందన్నారు. మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి దిగింది, బస్సులో ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి. "పొరపాటు పడ్డాం, ఏమీ లేదు, వెళ్ళిరండి" అని ఆఫీసులో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏమీ లేదట! ఆవిడ చదువుల గదికొచ్చి మాస్టారి చేతులు రెండూ పట్టుకుంది.

ఆ సాయంత్రమే ప్రింటరుకి కట్టుదిట్టం మొదలైంది. ఇప్పుడు మాత్రం అర్జీ అక్కర్లేకపోయింది. వైర్లమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. ముందు లిస్టులో ఉండబోయే కంప్యూటర్ల నంబర్లు రోజుకోటి మారిపోకుండా స్థిరంగా పెట్టాలి, ఆ తరవాత ఆ నంబర్ల నించి వస్తేనే తీసుకొమ్మని ప్రింటరుకి చెప్పాలి. ఆమెకిది కొట్టిన పిండి. లిస్టులో ఎవరెవరో తరవాత అడగచ్చని చకచకా చేసేసింది, నొక్కేసింది, నొక్కగానే నాలిక్కరుచుకుంది. లిస్టులో తన లాప్‌టాపు వేసుకోవడం మర్చిపోయింది! ప్రింటరు అందరికంటే ముందు ఆమెనే బయటికి గెంటేసింది. సన్నటి పుల్లతో వెనకవైపు బొక్కలో నొక్కి పట్టుకుని, అంతా చెరిపి మళ్ళీ మొదటినించీ చేసుకోవాల్సొచ్చింది. మాస్టారు కడుపుబ్బ నవ్వారు. "పరవాలేదమ్మా, మెషీను బాగా పనిచేస్తోందని తెలిసింది" అన్నారు.

"ఇంతకీ లిస్టులో ఎవరెవరు మాస్టారూ?"

ఆయన ఆలోచించలేదు. ఎన్నాళ్ళనించో మనసులో ఉన్నట్టుంది. "ప్రెస్సు గదిలో నేను వాడే కంప్యూటరు. చిన్న టీచరు కంప్యూటరు. ఈ గదిలో పిల్లలవి రెండూ. నాలుగే."

"పిల్లలవి కూడానా?" అంది వార్డెనమ్మ. ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. "అసలు వాళ్ళనే కదా మొదట ఆపాల్సింది?"

"ఎందుకాపాలమ్మా? పంపినవాళ్ళకి తాము పంపింది చదవడం రావాలి. నా లెక్క అదొక్కటే. పిల్లలకి వచ్చు."

వైర్లమ్మాయి చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఎన్ని ఆఫీసుల్లో ఇలాంటి లిస్టులు రాసిందో ఆమెకే లెక్క తెలీదు. ఎక్కడైనా పెద్దవాళ్ళ కంప్యూటర్లు ముందు, చిన్నవాళ్ళవి తరవాత. కుర్చీని బట్టి లిస్టు. ఇంత సూటిగా, ఇంత న్యాయంగా ఒక్క మాటలో ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పినట్టే నాలుగు నంబర్లూ, చిట్టా చూసుకోవడానికి మాత్రం తన లాప్‌టాపు నంబరూ ఎక్కించింది.

మర్నాడు పెద్ద మేడమ్ కంప్యూటరు నించి ఏదో పంపబోతే ప్రింటరు తీసుకోలేదు. ఆవిడ విసవిసా మెట్లు దిగి వచ్చింది. "నా కంప్యూటరుని కూడా ఆపేశారా మాస్టారూ? ఈ బడికి ప్రిన్సిపాలుని!"

"మీకు చదవడం వచ్చిన రోజున నేనే పెట్టిస్తాను మేడమ్" అన్నారు మాస్టారు. ఆ మాటలో వెటకారమేమీ లేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఆవిడ ఈ బడికొచ్చి పదకొండేళ్ళు. దిగివచ్చిన మెట్లే ఎక్కి వెళ్ళిపోయింది.

తరవాతి సంగతి వైర్లమ్మాయి మాస్టారి నోటే వింది. రెండోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద మేడమ్ ఒంటరిగా ఆయన దగ్గరికొచ్చి, పలకా సూదీ ఎలా పట్టుకోవాలో చూపించమందట. ఆయన చూపించారు. చేత్తో రాయాలంటే కాగితం వెనకనించి పొడవాలి, కుడినించి ఎడమకి రావాలి, ప్రతి అక్షరమూ తిరగేసి రాయాలి. పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది. ఆవిడ రోజూ వచ్చేది. అరగంట కూర్చునేది, పొడిచేది, చింపేది. ఏం రాస్తోందో చెప్పలేదు. ఆయన అడగలేదు, తడమనూలేదు. "ఎవరి ఉత్తరం వాళ్ళది కదమ్మా" అన్నారు. అద్దాల పెట్టె పక్కన చెత్తబుట్టలో వాలిన ప్రతి కాగితమూ చదివేసే మనిషి, అవి మాత్రం ముట్టుకోలేదు.

పరీక్ష రేపనగా ఉదయం వైర్లమ్మాయి బడికొచ్చింది. ప్రింటరు చిట్టా తిరగేసింది. తొమ్మిది రోజుల్లో ఆ నాలుగు కంప్యూటర్ల నించి తప్ప ఒక్క కాగితమూ రాలేదు. చెత్తబుట్ట దాదాపు ఖాళీ. "నా పేపరు మూయించేశావు తల్లీ, హెడ్ గుమాస్తాగారి నడుం ఎలా ఉందో ఇప్పుడు నాకు తెలీదు" అని మాస్టారు వాపోతుండగా, పెద్ద మేడమ్ లోపలికొచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర పిచ్చుక లెక్కలు చేసుకుంటోంది. ఆవిడ నేరుగా అక్కడికి వెళ్ళి, ఒక కాగితం ఆ పిల్ల చేతికింద పెట్టింది.

"ఇది నీకే. నేనే రాశాను. తప్పులుంటాయి."

పిచ్చుక లేచి నిలబడబోయింది. "కూర్చో" అంది పెద్ద మేడమ్, తనే నిలబడి. ఆవిడ కుడిచేతి బొటనవేలికి ప్లాస్టరు ఉంది. వైర్లమ్మాయి దాన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆవిడని చూసి భయపడింది, మొన్న కోపం తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ప్లాస్టరు చూస్తుంటే ఏమనుకోవాలో తెలీడంలేదు. నోరు తిప్పితే అయిపోయే మాటకి ఒక పెద్దమనిషి వారం రోజులు వేలు పొడుచుకుంది.

ఆ పిల్ల వేలు మెల్లిగా కదిలింది. కొన్నిచోట్ల ఆగింది, వెనక్కొచ్చింది, మళ్ళీ సాగింది. తరవాత, ఎవరూ అడగకుండానే, పైకి చదివింది. "నువ్వు నిజం చెప్పావు. నేను వినలేదు. నన్ను క్షమించు."

గదిలో మిగతా పిల్లల వేళ్ళు కూడా ఆగిపోయాయి. పెద్ద మేడమ్ ఆ బల్ల దగ్గరే నిలబడింది.

పిచ్చుక కాగితాన్ని జాగ్రత్తగా, చుక్కలు అణగకుండా మడిచింది.

"ఇది నేనుంచుకోవచ్చా మేడమ్?"

"నీదేనమ్మా."

"అయితే ఒక్కసారి వార్డెన్ మేడమ్‌కి చెప్పండి" అంది ఆ పిల్ల నెమ్మదిగా. "రేపు పొద్దున్న నా సంచీలో ఒక కాగితం ఉంటుంది. అది నాదేనని."

పెద్ద మేడమ్ తల ఊపింది. ఊపితే సరిపోదని ఆవిడకే గుర్తొచ్చి, "చెబుతాను. ఇప్పుడే వెళ్ళి చెబుతాను" అంది పైకి. చెప్పడానికి వెళ్ళింది.